గుణశేఖర్ సారు దత్తత పిల్ల

జమ్మలమడుగు గడ్డవీధి హైస్కూల్లో లెక్కలు చెప్పిన గుణశేఖర్ సారుకు తన గొప్పలు తానే చెప్పుకునే అలవాటుందని ఊళ్లో అంటారు. ఉన్నమాటే. అయితే ఆయన చెప్పుకున్నవాటిలో కల్పించింది ఒక్కటీ లేదు. లింగాల పక్కన ఒక పల్లెలో, వాన పడితే సెలవిచ్చే రేకుల బడిలో ఆయన అక్షరాలు దిద్దాడు. పులివెందుల హాస్టల్లో నీళ్ల చారుతో అన్నం తిని, ఆ పల్లె మొత్తంలో పదో తరగతి గట్టెక్కిన మొదటివాడయ్యాడు. చక్రాయపేటలో తొలి ఉద్యోగం. ఆ బడి పుట్టాక లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న మొదటి పిల్లవాడు ఈయన చేతికింద చదివినవాడే. జమ్మలమడుగుకు వచ్చాక ఆ లెక్క ఇంకా పెరిగింది. ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు ఒకాయన, పులివెందుల ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకామె, ఆర్టీసీలో డిపో మేనేజరు ఒకాయన, సరిహద్దులో సుబేదారు ఇంకొకాయన, అందరూ ఆయన బెత్తం చూసి పెరిగినవాళ్లే.

పెండ్లి పంక్తిలో ఎవరు పక్కన కూర్చున్నా సారు ఈ పేర్లు విప్పేవాడు. ఇంట్లో కూడా అంతే. ఆయన కూతురు మేఘన ప్రొద్దుటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ రోజూ ఊరినుంచే పోయివచ్చేది. అన్నం ముందు పెట్టుకుని తండ్రి డాక్టరు దగ్గర మొదలుపెడితే, "నాన్నా, కూర చల్లారిపోతాంది. డాక్టర్ని దాటేసి సుబేదారు కాడికి రా" అనేది. ఆయన నవ్వి, దాటకుండా అన్నీ చెప్పే లేచేవాడు.

అన్నిటికన్నా పెద్ద గొప్ప ఇంకొకటుంది. పదో తరగతి పరీక్షల ముందు, చదువులో వెనకబడ్డ పిల్లల్ని టీచర్లకు తలా కొందరిని అప్పగించే పద్ధతి ఈ బడుల్లో ఉంది. దాన్ని దత్తత అంటారు. దత్తత పిల్లల్ని ఒడ్డెక్కించే పూచీ ఆ టీచరుదే. చాలామంది ఫోను చేసి, చదువుతున్నావా అని అడిగి ఊరుకుంటారు. గుణశేఖర్ సారు ఫోనును నమ్మలేదు. జనవరి వచ్చిందంటే చీకటితోనే లేచి, మఫ్లరు చుట్టుకుని, స్కూటరు తీసేవాడు. దత్తత పిల్లల ఇంటిముందు ఆపి తలుపు తట్టేవాడు. లోపల లైటు వెలిగి, పిల్లవాడు పుస్తకంతో గడపమీదికి వచ్చి, ఒక సిద్ధాంతమో ఒక లెక్కో అప్పజెప్పేదాకా వీధిలోంచి కదిలేవాడు కాదు. చలికి కళ్లజోడుకు ఆవిరి పట్టేది. ఒకరి ఇంట్లో టీ ఇచ్చేవాళ్లు, ఒకరి ఇంట్లో కుక్కను వదిలేవాళ్లు. ఏళ్ల తరబడి ఒక్క పొద్దు తప్పలేదు. ఆయన తలుపు తట్టిన పిల్లల్లో ఒక్కడూ ఫెయిల్ కాలేదు.

అయితే ఆయన వచ్చిన కొత్తలో ఉన్న బడి వేరు, రిటైరయ్యే ఏడాది ఉన్న బడి వేరు. అప్పట్లో బజారులోని గుడ్డలకొట్టు వాళ్ల పిల్లలు, బంగారం పనివాళ్ల పిల్లలు, చుట్టుపల్లెల రైతుల పిల్లలు, నాపరాయి గనుల్లో దిగే కూలీల పిల్లలు అందరూ ఒకే బెంచీ మీద నలుగుతూ కూర్చునేవాళ్లు. తర్వాత వీధి మలుపుల్లోకి ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు రావడం మొదలైంది. ముందు షావుకార్ల పిల్లలు ఎక్కారు. తర్వాత రైతుల పిల్లలు. ఆ తర్వాత కువైట్ నుంచి దుడ్లు వచ్చే ఇండ్లలో మగపిల్లలు కూడా ఎక్కారు. ఆ ఇండ్లలోనే పుట్టిన ఆడపిల్లలు మాత్రం సంచి భుజాన వేసుకుని నడిచి గడ్డవీధి బడికి వచ్చారు. అలా ఆ బడిలో కూలీల పిల్లలూ, ముస్లిం ఇండ్ల ఆడపిల్లలూ మిగిలారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. అలాంటి పిల్లలతో వరసగా మూడేళ్లు పదో తరగతిలో నూరు శాతం పాస్ తెచ్చిన బడి చుట్టుపక్కల ఇంకొకటి లేదు. గుణశేఖర్ సారు రిటైరయ్యేది ఆ మరుసటి ఏడాది ఏప్రిల్లోనే. నాలుగో నూరు తన చేతిమీదుగా తెచ్చి దిగిపోవాలని ఆయన కోరిక.

ఆ ఏడాది తరగతిలో లెక్కల్లో మరీ నీరసంగా ఉన్న పిల్ల ఆర్షియా. మాటకు ముందుండేది, లెక్కకు వెనక ఉండేది. ఆమె తండ్రి జమాల్ కువైట్లో కారు డ్రైవరు. జమాల్ కూడా ఇదే బడిలో చదివినవాడు, సారు దత్తతలోనే పాసైనవాడు. ఇంట్లో తల్లి రిహానా, తమ్ముడు అబ్రార్. అబ్రార్ పసుపుపచ్చ బస్సెక్కేవాడు. ఆర్షియాకు తండ్రి ఫోన్లో ఒక మాట ఇచ్చాడు. పదో తరగతి ఒక్కసారికే పాసైతే ప్రొద్దుటూరు ఆడపిల్లల కాలేజీలో చేర్పిస్తాడు. ఫెయిలైతే చదువు ఆపేసి, చెన్నూరులో ఉన్న మేనత్త కొడుకుతో మాట ఖాయం చేస్తాడు. ఈ సంగతి ఆర్షియా బడిలో అందరికీ చెప్పింది. "లెక్కలు పాసైతే కాలేజీ, ఫెయిలైతే కోడలు" అని నవ్వేది కూడా.

జనవరిలో హెడ్మాస్టరు గురుప్రసాద్ గదిలో దత్తత పంపకాలు జరిగాయి.

"అన్నా, ఈ తూరి నీకు మొగపిల్లోళ్లను ఇస్తా. ఆర్షియాను గౌరీ మేడమ్ చూసుకుంటాది. ఆడపిల్ల గదా" అన్నాడు గురుప్రసాద్.

"మేడమ్ సైన్సు. ఆ పిల్ల కుంటేది లెక్కల్లో. సైన్సు మేడమ్ లెక్కలు యాడ చెప్తాది?" అన్నాడు గుణశేఖర్ సారు.

గౌరీ మేడమ్ సర్దిచెప్పబోయింది. "బడిలో మీరు చెప్పండి సార్. పొద్దున్నే నేను ఫోన్ చేసి లేపుతా. అట్ల పంచుకుందాం."

"ఫోనుకు లేస్తారామ్మా పిల్లోళ్లు? దుప్పట్లో నుంచే లేసినా అంటారు. తలుపు కాడ మనిషి నిలబడాల. నాయన తలుపు తట్టి పాస్ చేయించినోన్ని, బిడ్డను వదిలేస్తానా? అదే ఇల్లు, అదే తలుపు."

"సరే అన్నా. నువ్వు రిటైరైతే ఈ ఊరి కుక్కలకు తెల్లార్తో ఏం తోచదు" అని గురుప్రసాద్ నవ్వేశాడు. అందరూ నవ్వారు. గౌరీ మేడమ్ తన పిల్లల పేర్ల చీటీ తీసుకుని లేచింది.

మరుసటి పొద్దునుంచే సారు ఆ తలుపు తట్టాడు. రిహానా కొంగు తలమీదికి లాక్కుని తలుపు తీసి, కూతుర్ని గడపమీద కూర్చోబెట్టి తాను లోపల నిలబడేది. సారు ఎప్పుడూ మురుగుకాలువ మీది నాపరాయి బండకు అవతలే ఉండేవాడు. గడప తొక్కినవాడు కాదు. మొదట్లో ఆర్షియా నిద్రకళ్లతో అన్నీ తలకిందులుగా చెప్పేది. కొన్నాళ్లకు కళ్లు తెరుచుకున్నాయి.

"సార్, మా వీధి కోడి మీకు భయపడి ముందే కూస్తాంది" అంది ఒకరోజు.

"కోడి పాసైతాది. నీ సంగతి చెప్పు. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీత గీస్తే?"

"మిగతా రెండు భుజాలనూ ఒకే నిష్పత్తిలో విభజిస్తాది సార్. బట్వాడా సమానం."

"బట్వాడా అనేది పుస్తకంలో లేదు గానీ మాట బాగుంది. అర్థమైందన్నమాట."

ఫిబ్రవరి ఆఖరుకు ఆమె రాసిన పరీక్షా పేపరు దిద్దుతూ సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్ మార్కులు దాటి ఇంకా పైకి వచ్చింది. ఈ పిల్ల గట్టెక్కుతుందని ఆరోజే ఆయనకు రూఢి అయింది. ఆ మాట ఆమెతో మాత్రం చెప్పలేదు. పాసవుతావని ముందే చెబితే పిల్లలు పుస్తకం మూసేస్తారని ఆయన నమ్మకం. "పరీక్ష ఇంకా పోతాది, ఇంకా చదువు" అని బెదిరించే పంపాడు.

మార్చి మొదట్లో రంజాన్ నెల మొదలైంది. అంతదాకా ఆ వీధి ఆ వేళకు చీకట్లో ఉండేది. ఇప్పుడు ప్రతి ఇంట్లో, ఉపవాసానికి ముందు తినే సహరీ వంటకు లైట్లు వెలుగుతున్నాయి. ఆడవాళ్లు గిన్నెలు కడుగుతున్నారు. మగవాళ్లు గుంపులుగా మసీదుకు పోతున్నారు, నమాజు చేసి గుంపులుగా వస్తున్నారు. వాళ్లందరి కళ్లముందు, మగదిక్కు కువైట్లో ఉన్న ఇంటి ఎదుట, మఫ్లరు చుట్టుకున్న మగమనిషి ఒకడు రోజూ నిలబడి ఉన్నాడు. అది వాళ్ల సారే. చాలామంది సలాం చేసి పోయారు. కొందరు సలాం చేసి, పోయినట్టే పోయి వెనక్కి తిరిగి చూశారు.

ఒక పొద్దు రిహానా తలుపు సందులోంచి మెల్లగా అంది. "సార్, రోజా నెల గదా. మేమే మీకంటే ముందు లేస్తాండాం. మీరెందుకు శ్రమ పడేది. ఫోన్ చేయండి చాలు, పాప అప్పజెప్తాది."

"నాకేం శ్రమమ్మా. ఇన్నేండ్లలో ఒక్క దినం మానలేదు. ఆఖరి సంవత్సరం మానతానా?" అన్నాడు సారు.

ఆమె మొహమాటానికి అంటోందనుకున్నాడు. ఆమె ఇంకొకసారి నోరు తెరవబోయి, వీధిలో ఎవరో వస్తుంటే తలుపు దగ్గరికి వేసుకుంది. అప్పుడైనా ఆయనకు తట్టలేదు. ఒకరి బిడ్డకు చదువు చెప్పడంలో తప్పుంటుందన్న ఊహే ఆయన బుర్రలో ఎన్నడూ చోటు చేసుకోలేదు.

పరీక్షలు వచ్చే వారమనగా, మధ్యాహ్నం నమాజు అయ్యాక జమాల్ వాళ్ల పెద్దన్న అబ్దుల్ వాహిద్ బడికి వచ్చాడు. బజారులో చెప్పుల అంగడి ఆయనది. తలమీద టోపీ, చేతిలో ఫోను. గుణశేఖర్ సారు వరండాలో కుర్చీ చూపించాడు.

"కూచో వాహిద్."

"పర్వాలేదు సార్. నిలబడే చెప్తా."

ఫోను తిప్పి చూపించాడు. ఏదో మిద్దెమీదినుంచి తీసిన ఫోటో. వీధిదీపం వెలుతురులో గడపమీద ఆర్షియా, బండకు అవతల సారు. సారు చెయ్యి ఆ పిల్ల వైపు చాచి ఉంది.

"ఇది త్రిభుజాల సిద్ధాంతం చెప్తాండేదప్పా. గాల్లో గీత గీసి చూపిస్తాండా" అన్నాడు సారు.

"మీకు తెలుసు సార్. నాకూ తెలుసు. కువైట్లో చూసినోళ్లకు సిద్ధాంతం కనపడదు. చెయ్యి కనపడ్తాది."

గుణశేఖర్ సారు కాసేపు ఆ ఫోటోనే చూశాడు. ఎవరు తీశారని అడగబోయి మానుకున్నాడు. అడిగి చేసేదేముంది.

"ఆడ కూడా సహరీకి లేచింటారు గదా. మా తమ్ముడు నోట్లో ముద్ద పెట్టుకోకముందే ఫోటో పోయింది. రూములో అందరికీ పోయింది" అన్నాడు వాహిద్. "మీ మీద మాకు ఒక్క మాట లేదు సార్. మీరు మా ఇంటికి చేసిన మేలు మరిచిపోయే రకం కాదు మేము."

"రేపట్నుంచి నేను రాను. సరిపాయ గదా?"

"రాకుంటే ఎందుకు రాలేదంటారు సార్. వచ్చినా మాటే, రాకున్నా మాటే."

"మొగపిల్లోళ్ల ఇండ్లకు పోయినట్టే ఈ ఇంటికీ వచ్చినానప్పా. నాకు ఇద్దరూ ఒకటే."

వాహిద్ తల వంచుకుని, గొంతు పెంచకుండానే అడిగాడు. "మీ మేఘనమ్మను కడపలో హాస్టల్లో పెట్టి చదివించినారు గదా సార్. ఆయమ్మను తెల్లార్తో ఎవురు లేపేవాళ్లు?"

"వార్డెనమ్మ."

వాహిద్ గెలిచినట్టు చూడలేదు. ఫోను జేబులో పెట్టుకుంటూ, "పొద్దున బస్సుకే పిల్లను చెన్నూరుకు పంపినాం సార్, వాళ్ల నాని కాడికి. పరీక్షలు రాయదు. వాళ్ల నాయన చెప్పినాడు" అని, సలాం చేసి మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం సారు, పిల్లతో ఎలాగైనా పరీక్ష రాయించమని హెడ్మాస్టరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. గౌరీ మేడమ్‌ను రిహానా దగ్గరికి పంపించాడు. మేడమ్ వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చింది.

"ఆయమ్మ ఏడుస్తాంది సార్. రాయించాలనే ఉండాది. మొగుని మాట దాటి నేనేం చేయనంటాంది" అంది. తర్వాత, "ఫోనుతో లేపుతానని నేను ఆపొద్దే అంటి" అంది. ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. అందుకే సారుకు ఎక్కువ గుచ్చుకుంది.

పరీక్షలు మొదలయ్యాయి. సెంటరులో ఆర్షియా నంబరు వేసిన బల్ల ఖాళీగా ఉంది. మొదటి పరీక్ష రోజు గేటు బయట నిలబడ్డ గుణశేఖర్ సారు, ఆఖరు బెల్లు కొట్టేదాకా చెన్నూరు వైపునుంచి వచ్చే బస్సుల దారే చూశాడు. గురుప్రసాద్ వచ్చి ఆయన భుజంమీద చెయ్యి వేశాడు.

"దిగులు పడొద్దన్నా. రాయనోళ్లను లెక్కలో పట్టరు. రాసినోళ్లలో ఎంతమంది పాసైనారనే చూస్తారు. మన నూరు మనకు భద్రం."

ఆ మాట చెవిన పడగానే సారు గుండెలో ఒక మూల కొంచెం తేలికైంది. ఒక్క క్షణమే. కానీ తేలికైంది. ఆ తేలికను ఆయన ఇప్పటికీ తనకు తాను మన్నించుకోలేకపోతున్నాడు.

ఏప్రిల్లో ఫలితాలు వచ్చాయి. గడ్డవీధి హైస్కూలుకు నాలుగో ఏడూ నూరు శాతం. గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పాసైన ఆడపిల్లల ఫోటోలన్నీ వరసగా అచ్చువేశారు, మధ్యలో శాలువాతో గుణశేఖర్ సారు. నెలాఖరున ఆయన పదవీ విరమణ సభ. ప్రొద్దుటూరునుంచి ఎముకల డాక్టరు వచ్చాడు. పులివెందులనుంచి ఎమ్మార్వో ఆఫీసు అమ్మాయి పిల్లలతో సహా వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు లేచి, తెల్లవారుజామున సారు తలుపు తట్టిన కథలు చెప్పి నవ్వించారు. ఒకాయన తాను దుప్పటి ముసుగులోంచే ఎక్కాలు చెప్పిన సంగతి చెప్పాడు. ఇంకొకాయన తన తండ్రి సారును పాలు పోసేవాడనుకుని చెంబు తెచ్చిన సంగతి చెప్పాడు. వేదికమీద సారు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఆఖరున మైకు ఆయన చేతికి వచ్చింది. అలవాటైన పాఠమే గనక తడుముకోలేదు. లింగాల రేకుల బడి, పులివెందుల హాస్టలు, చక్రాయపేట, అన్నీ వరసగా వచ్చాయి. "ఇన్నేండ్లలో నేను దత్తత తీసుకున్న పిల్లల్లో ఒక్కరంటే ఒక్కరు ఫెయిల్..." అని ఆగిపోయాడు. ఆ మాట అక్షరాలా నిజం. ఫెయిల్ కాలేదు. అది నిజమైనందుకే ఆ వాక్యం ముగించలేదు. మైకు పక్కనున్నవాళ్ల చేతికిచ్చి కూర్చున్నాడు. బడి వదిలిపోతున్న బాధ అనుకుని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న మేఘన మాత్రం కొట్టలేదు.

ఇంటికి వచ్చాక ఆమే అడిగింది. "నాన్నా, మళ్లీ పరీక్షలు మే నెలలో ఉంటాయి గదా?"

"ఉంటాయి. రాయనోళ్లు కూడా రాయొచ్చు."

"అయితే చెన్నూరుకు పోదాం పా. ఈ తూరి ఒగనివే పోవొద్దు. నేనొస్తా."

ఆదివారం ఇద్దరూ ప్రొద్దుటూరు, మైదుకూరు మీదుగా బస్సులు మారి చెన్నూరులో దిగారు. సైదాబీ, అంటే ఆర్షియా అమ్మమ్మ, పెన్న గట్టుకు దగ్గరగా ఒక చిన్న రేకుల ఇంట్లో ఉంటోంది. సారును చూసి గబగబా వీధి అరుగుమీద చాప పరిచింది. మేఘనను మాత్రం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ తేడా గుణశేఖర్ సారు ఈసారి గమనించాడు. అరుగు చివర, వీధిలో పోయేవాళ్లకు బాగా కనిపించేలా కూర్చున్నాడు.

ముసలామె గ్లాసుతో చెరుకురసం తెచ్చిచ్చి, గుమ్మంలోనే కూలబడింది.

"నాదేమీ లేదు సారూ. నేనైతే రాయించేదాన్నే. సంతకం పెట్టే చదువు కూడా నాకు లేకపాయ, ఇదన్నా చదవనీ అనుకుంటి. వాళ్ల నాయన ఒప్పుకోవాల. ఉండు, ఫోన్ చేస్తా, నువ్వే మాట్లాడు."

ఫోను కలిసింది. జమాల్ గొంతు మర్యాదగానే ఉంది. "సార్, బాగుండారా? రిటైరైనారంట గదా. ఫోటోలు చూసినా."

"జమాల్, తప్పు నాదప్పా. ఆడపిల్ల ఇంటికి అట్ల రాకూడదని నాకు తోచలేదు. నా తప్పుకు బిడ్డ చదువు ఆపొద్దు. మే నెలలో రాయనీ. గౌరీ మేడమ్ వస్తాది, మా మేఘన వస్తాది. నేను ఆ చుట్టుపక్కల కనపడను."

జమాల్ రూము బయటికి నడిచినట్టుంది, వెనక మాటల రొద తగ్గింది.

"మీ మీద కోపం లేదు సార్. మీరు నా కోసం తలుపు తట్టినప్పుడు మా అమ్మ వీధంతా చెప్పుకునింది, నా కొడుకు కోసం సారే వచ్చినాడని. నా బిడ్డ కోసం వస్తే ఎవురికీ చెప్పుకునేదానికి లేకపాయ. ఆ ఫోటో ఈడ రూములో అందరి ఫోన్లలో ఉండాది. నేను వాళ్లతోనే కూచోని తినాల సార్."

"నాకు తెలుసప్పా."

"రాస్తే పాసైతాదా సార్?"

"అవుతాది. నాది పూచీ."

ఆ మాటతో జమాల్ మెత్తబడతాడనుకున్నాడు సారు. అవతలివైపు నిట్టూర్పు వినిపించింది.

"పాసైతే కాలేజీకి పంపాల. మాటిచ్చినా గదా. రోజూ బస్సులో ప్రొద్దుటూరుకు పోవాల. బస్టాండులో ఎవురో పక్కన నిలబడ్తారు, ఇంకొకడు ఫోటో తీస్తాడు. నేను ఈడినుంచి ఏం చేసేది సార్? ఫెయిలైతాదంటే రాయించేటోన్ని. పాసైతాదంటాండారు. వద్దు సార్. బక్రీద్ పోయినాక మాట ఖాయం చేస్తాం. పద్దెనిమిది నిండినాకనే నిఖా. మీరు రావాల."

ఫోను ఆగిపోయింది. సైదాబీ దాన్ని కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ అరుగువైపు చూసి పోయారు. సారు లేచాడు.

అప్పుడు మేఘన వెంట ఆర్షియా గుమ్మంలోకి వచ్చింది. కొంచెం చిక్కింది. సారును చూసి ఎప్పటిలాగే నవ్వింది.

"సార్, మన బడికి ఈ తూరి కూడా నూరు వచ్చిందంట గదా. అక్క చెప్పింది."

"వచ్చింది మా."

"నేను రాసింటే చెడిపోయేదేమో సార్. మీ ఆఖరి సంవత్సరం. ఒగ విధంగా మంచిదే అయింది."

ఇన్నేళ్లలో ఎందరు పిల్లలకు ఎన్ని లెక్కలు దిద్దాడో గానీ, ఈ తప్పును దిద్దకుండా వదిలిపోవడం గుణశేఖర్ సారుకు చేతకాలేదు. పిల్ల తనను తాను తక్కువ అనుకుంటోందన్నదే ఆయన బాధ.

"చెడిపోయేది కాదు. నువ్వు పాసయ్యేదానివి. ఫిబ్రవరిలోనే నాకు తెలుసు. మంచి మార్కులతో పాసయ్యేదానివి."

"నిజంగానా సార్?"

"నిజంగానే మా."

ఆర్షియా ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు మాత్రం ఆయనమీదినుంచి కదిలి వీధిలోకి పోయాయి. "మీరు పోతాది పోతాది అంటాంటిరి గదా సార్. ఎట్లాగూ ఫెయిలయ్యేదాన్నే గదా అనుకుంటి. అట్ల అనుకోని ఊరుకుంటి" అంది. తర్వాత ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి లోపలికి వెళ్లింది. మేఘన ఆమె వెంట వెళ్లబోయి గుమ్మంలోనే నిలిచిపోయింది.

సారు చెప్పులు వేసుకున్నాడు. కాలికి సరిగా ఎక్కలేదు. వంగి సర్దుకుంటుంటే లోపలినుంచి గొంతు నొక్కుకుని ఏడుస్తున్న శబ్దం వచ్చింది. సైదాబీ లేచి లోపలికి తొంగిచూసి, మళ్లీ అరుగుమీదికి వచ్చింది.

"ఏం చెప్పినావు సారూ దానికి? వచ్చినప్పట్నుంచీ ఒక్క దినం ఏడ్వలేదు. ఇంట్లో పనంతా పాడుకుంటా చేసేది."

"పాసయ్యేదానివని చెప్పినానమ్మా" అన్నాడు గుణశేఖర్ సారు.